డప్పు చల్లారేలోపు

నా మొదటి ఆల్బమ్‌లో నేను తప్ప ఎవరూ లేరు. ఉప్పల్‌లో మా ఫ్లాట్‌లోని చిన్న గది, లాప్‌టాప్, హెడ్‌ఫోన్స్, కొనుక్కున్న లూపులు (మళ్లీ మళ్లీ మోగే రెడీమేడ్ సంగీత ముక్కలు), అంతే. రెండోదానికి కూర్చునేసరికి నా బీట్లు నాకే పాతగా వినిపించాయి. అందుకే ఈసారి ఏడు పాటలు చేద్దామని, ప్రతి పాటలోనూ ఇంకొకరు ఉండాలని పెట్టుకున్నాను. ఆర్నెల్లలో అయిపోతుందనుకున్నది పద్నాలుగు నెలలు పట్టింది.

మొదటి సెషన్ డప్పుతో. జనగామ వైపు నుంచి వచ్చిన అన్న రెండు దెబ్బలు వేసి ఆగి, నా గదంతా ఒకసారి కలియజూశాడు. "తమ్మీ, మంట ఏడ పెట్టుకోవాలె?" అన్నాడు. మైకులు సర్దాను, లెవెల్స్ చూసుకున్నాను, డప్పు కాపాలన్న సంగతే మర్చిపోయాను. వేడికి తోలు బిగిస్తేనే ఆ మోత వస్తుంది. ఇద్దరం కిందికి దిగి పార్కింగ్‌లో ఓ మూల పాత పేపర్లు, ఎండిన కొబ్బరి మట్టలు అంటించాం. వాచ్‌మన్ అరుచుకుంటూ వచ్చాడు. డప్పు చూడగానే ఆయనా పక్కన కూర్చుని, "జర నన్ను కొట్టనియ్యిరి" అన్నాడు.

పైకొచ్చి రికార్డు మొదలుపెడితే ఇంకో చిక్కు. చల్లారే కొద్దీ తోలు వదులై శ్రుతి దిగుతుంది. నేనేమో కిక్ డ్రమ్‌ను (కంప్యూటర్‌లో మోగే బరువైన డ్రమ్ము దెబ్బను) ముందే ఒక స్వరానికి కట్టి పెట్టుకున్నాను. మొదటి టేక్‌లో రెండూ భలే కలిశాయి, మూడో టేక్‌కి వినలేకపోయాం. మళ్లీ కిందికి, మళ్లీ మంట. ఆ రోజు అలా నాలుగుసార్లు.

టెంపో, అంటే పాట వేగం దగ్గర పెద్ద పంచాయితీయే అయింది. 124 బీపీఎంకి (నిమిషానికి 124 దెబ్బలు) క్లిక్ ట్రాక్, అంటే తాళం తప్పకుండా టిక్కుమనే శబ్దం పెట్టి ఆయన చెవిలో వేశాను. కాసేపు వాయించి హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాడు. "ఆ టిక్కుటిక్కు బంద్ చెయ్యి తమ్మీ. అది నా మాట ఇంటదా? మరి దాని మాట నేనెందుకు ఇనాలె?"

క్లిక్ లేకుండా వాయించింది చూస్తే 118 దగ్గర మొదలై చివరికి 131 దాటింది. మొదట ప్రతి దెబ్బనూ గ్రిడ్ మీదికి, అంటే కంప్యూటర్ కొలిచిన సమాన గీతల మీదికి లాగాను. విన్నాక సిగ్గేసింది, దుకాణంలో కొన్న లూప్‌లా ఉంది. అంతా చెరిపేసి, ఆయన టేక్‌లో రెండు బార్లకొక (రెండు తాళం చుట్లకొక) వార్ప్ మార్కర్, అంటే దెబ్బ పడిన చోటు చెప్పే గుర్తు పెట్టి, నేను వాడే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ఏబుల్టన్‌లో ఆ క్లిప్‌నే లీడర్ చేశాను. అప్పుడు నా సింథ్‌లు, హైహ్యాట్‌లు, డిలేలు అన్నీ ఆయన చేతి వెంట నడిచాయి. డప్పు శ్రుతి దిగిన చోటల్లా కిక్‌నీ దించాను. ఈ ఆల్బమ్ మొత్తంలో నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే.

గుంటూరు నుంచి ర్యాప్ చేసిన తమ్ముడు తన గొంతును వాట్సాప్‌లో ఆడియోగా పంపాడు. క్వాలిటీ నలిగిపోయింది. క్వాలిటీ తగ్గని 24 బిట్ వేవ్ ఫైల్ తెప్పించుకునేసరికి వారం గడిచింది.

పాట మీద వచ్చే డబ్బులో వాటాల సంగతి పాట అయ్యాక మాట్లాడుకుందాంలే అనుకోవడం నా తప్పు. ఒక పాటలో బేస్‌లైన్ (అడుగున మోగే మంద్ర స్వరాల వరస) వేసిన స్నేహితుడు "సగం నాది" అన్నాడు. నేను మూడో వంతు అనుకున్నాను. రెండు వారాలు మాటల్లేవు. ఆ తర్వాత ప్రతి పాటకీ ఒక కాగితం రాశాం. సాహిత్యం, స్వరం వాటాలు ఒక చోట, రికార్డింగ్ వాటాలు వేరే చోట. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ ప్రకారం, పాట రాసినవాళ్లు, స్వరపరిచినవాళ్లు తమ రాయల్టీ హక్కును లేబుల్‌కి (పాటను విడుదల చేసే కంపెనీకి) వదిలేస్తున్నామని సంతకం పెట్టినా చెల్లదు. ఈ సంగతి ర్యాప్ తమ్ముడికి తెలీదు. పాటల రాయల్టీలు వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకోమని వెంటపడి మరీ అప్లై చేయించాను.

డప్పు అన్నకు వాటా గురించి చెబితే, "ఎప్పుడొస్తది?" అన్నాడు. ఎప్పుడో, ఎంతో చెప్పలేనన్నాను. నవ్వాడు. ఆ రోజే నగదు ఇచ్చి, కాగితంలో వాటా కూడా రాశాను. రోజు కూలీ వదులుకుని వచ్చిన మనిషిని స్ట్రీమింగ్ పైసల కోసం ఎదురుచూడమనడం నాకు నచ్చదు.

చివరి పాట మా దోస్తు వాళ్ల అవ్వది. నాట్లేసేటప్పుడు పాడే పాట. ఆమె ఒక్కటే అడిగింది: "నా పేరు ఏడ వస్తది?" పాట పక్కనే వస్తుందని మాటిచ్చాను. తీరా విడుదలకు ముందు స్ట్రీమింగ్ యాప్‌లో చూస్తే, అవ్వ పేరుతోనే ఉన్న ఒక భక్తి గీతాల గాయని పేజీకి మా పాట వెళ్లి అతుక్కుంది. పాటలను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కి మెయిల్ మీద మెయిల్ పెడితే పదకొండో రోజున కొత్త పేజీ వచ్చింది. అదృష్టం కొద్దీ విడుదలకు నెల ముందే అప్‌లోడ్ చేశాను. ప్లేలిస్ట్ ఎడిటర్లకు పాట పంపాలంటే స్పాటిఫై కనీసం ఏడు రోజుల ముందు అడుగుతుంది, మేం ఆఖరి రోజున పంపాం.

విడుదలైన సాయంత్రం మనవడి ఫోన్‌లో అవ్వకు వినిపించాం. ఫోన్ స్పీకర్‌లో నా బేస్ ఏమీ వినపడలేదు. అవ్వ కళ్లు మూసుకుని చివరిదాకా విని, "మూడో చరణం ఏడ పోయింది బిడ్డా?" అంది. నాలుగు నిమిషాల్లో పట్టాలని నేనే కోసేశాను. ఆ ముక్క ఇంకా నా హార్డ్ డిస్క్‌లోనే ఉంది. ఎక్కడికీ పోలేదవ్వా అని చెప్పి, మర్నాడు ఆ ప్రాజెక్ట్ మళ్లీ తెరిచాను.