డ్యూక్ స్ట్రీట్ గది నుంచి బెర్మండ్సీ హాళ్ల దాకా

ఈ కాలపు కళాకారుల పనులు చూపి అమ్మే వైట్ క్యూబ్ గ్యాలరీ ఎదిగిన దారిని ఒక్కసారైనా కాలినడకన చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. లండన్‌లో గ్రీన్ పార్క్ స్టేషన్‌లో దిగి నేరుగా డ్యూక్ స్ట్రీట్‌కి వెళ్లాను. పాతకాలపు మహాచిత్రకారుల బొమ్మలమ్మే వ్యాపారులున్న పేట అది. 1993లో వైట్ క్యూబ్ స్థాపకుడు జే జాప్లింగ్ 44వ నంబరు భవనంలో ఒక చిన్న చదరపు గది తీసుకుని, అప్పటికి ఊరూపేరూ లేని కుర్ర కళాకారులకి గోడలు అప్పగించాడు. తర్వాత పేరు తెచ్చుకున్న బ్రిటిష్ కళాకారిణి ట్రేసీ ఎమిన్ మొదటి సోలో షో జరిగింది ఆ గదిలోనే. ఏ కళాకారుడికైనా అక్కడ ఒక్కసారే ప్రదర్శన అనేది నియమం. నా దృష్టిలో ఆ గ్యాలరీకి పేరు తెచ్చింది ఆ నియమమే. రెండో అవకాశం లేదని తెలిస్తే ఎవరైనా ఉన్నదంతా పెట్టేస్తారు.

పక్క సందులోంచి వెళితే మేసన్స్ యార్డ్. పాత విద్యుత్ సబ్‌స్టేషన్ ఉన్న చోట 2006లో తెరిచిన వైట్ క్యూబ్ భవనం ఇది. బ్రిటిష్ కళాకారుడు డేమియన్ హర్స్ట్ 8,601 వజ్రాలు పొదిగిన పుర్రె శిల్పాన్ని మరుసటి ఏడాది ఇక్కడే పెట్టారు. అడిగిన ధర 5 కోట్ల పౌండ్లు!

హోక్స్‌టన్ స్క్వేర్‌లో కూడా ఒక శాఖ ఉండేది. 2000లో తెరిచి 2012 చివర్లో మూసేశారు. అందుకని అటు వెళ్లకుండా థేమ్స్ నది దాటాను.

బెర్మండ్సీ స్ట్రీట్‌లో పాత గోదామును మార్పుచేసి, 2011లో తెరిచిన వైట్ క్యూబ్ గ్యాలరీ 58,000 చదరపు అడుగులు. లోపల పొడవాటి నడవా, బూడిదరంగు నేల. ఒక కాన్వాసు దగ్గరికి వెళ్లి పక్కనుంచి చూశాను. రంగు వేలి మందాన పేరుకుని, అంచు దాటి చెక్క ఫ్రేము మీదికి కారి గట్టిపడింది. ఫొటోలో ఇది కనబడదు. ధర కూడా గోడ మీద ఉండదు, కావాలంటే డెస్కు దగ్గర అడగాలి. కొనేవాళ్లు కొందరే అయినా, టికెట్ లేకుండా ఎవరైనా చూడొచ్చు.

ఇంత పెద్ద హాళ్లెందుకని విసుక్కునేవాళ్లున్నారు. కళాకారుడికి పేరొచ్చాక పెద్ద పనులు చేస్తాడు. వాటికి చోటు చూపలేని గ్యాలరీని వదిలి మరోచోటికి పోతాడు. ఎదగడం తప్పదు. కానీ హాంకాంగ్, న్యూయార్క్, సియోల్ దాకా పాకిన ఈ సంస్థ, కొత్తవాళ్ల కోసం డ్యూక్ స్ట్రీట్‌లోని లాంటి చిన్న గదినొకదాన్ని ఎక్కడైనా మళ్లీ తెరిస్తే నేను ముందుగా అక్కడికే వెళతాను.