సముద్రం ఊళ్లో లేనప్పుడు

2022 డిసెంబరు. ఇంగ్లండు వచ్చాక నాకు దొరికిన మొదటి ఆదివారం సెలవు. మధ్యాహ్నం పన్నెండింటికి మోర్‌కమ్ ప్రొమెనేడ్ మీద నిలబడి భీమిలికి వీడియో కాల్ చేశాను. బయల్దేరే ముందు అమ్మకి పదిసార్లు చెప్పాను, సముద్రం పక్కనే ఉద్యోగం, మన ఊరిలాగే ఉంటుంది, బెంగ పెట్టుకోవద్దని. ఆ సముద్రం చూపిద్దామని ఫోన్ తిప్పాను. అమ్మ కళ్లు చిట్లించి కాసేపు చూసి, "ఏటే, సముద్రం చూపిస్తానని ఇసక చూపిస్తన్నావు?" అంది.

నిజంగానే ఎదురుగా సముద్రం లేదు. కనుచూపు మేర తడి ఇసక, బురద, మధ్యమధ్య మెరిసే పిల్లకాలువలు. వాటికి అవతల లేక్ డిస్ట్రిక్ట్ కొండలు, పైన మంచు. నేను పుట్టి పెరిగిన ఊళ్లో పొద్దున తలుపు తీస్తే సముద్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది. అల ఓ పది అడుగులు ముందుకో వెనక్కో జరుగుతుంది, అంతే. ఇక్కడ అది ఊరు వదిలి వెళ్లిపోతుందని నాకెవరూ చెప్పలేదు. ఆ రోజు చలిగాలికి కళ్లలో నీళ్లు వచ్చాయని అమ్మతో చెప్పాను. గాలికి వచ్చినవి కొన్నే.

మోర్‌కమ్ ఇంగ్లండు వాయవ్య తీరంలో ఉంది. లాంకాస్టర్ నుంచి రైలెక్కితే పది నిమిషాలు. నేను పని చేసేది ముసలివాళ్లను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో. 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు కూడా వీసా తలుపులు తెరిచారు. అప్పుడు మన జిల్లాల నుంచి, కేరళ నుంచి, నైజీరియా, జింబాబ్వేల నుంచి వచ్చినవాళ్లలో నేనూ ఒకదాన్ని. పంపిన ఏజెంటు చెప్పిన జీతమూ చేతికందిన జీతమూ ఒకటి కాకపోవడం, మొదటి నాలుగు నెలలు ఆ టెన్షన్‌తో నిద్ర పట్టకపోవడం, ఇవన్నీ నాకూ జరిగాయి. ఈ దారిలో వచ్చినవాళ్లకు తెలిసినవే కనుక వాటి జోలికి పోను. నాకు చెప్పాలని ఉన్నది సముద్రం గురించి.

రెండో నెలలో మా హోమ్‌లో వంట చేసే ఆవిడ నాకొక చిన్న పుస్తకం ఇచ్చింది. అరచేతిలో పట్టేంత ఉంటుంది. సంవత్సరం పొడవునా ప్రతిరోజూ పోటు ఎన్నింటికి వస్తుంది, ఎంత ఎత్తు వస్తుంది అని వరసగా అంకెలు. మొదట చూస్తే రైల్వే టైమ్ టేబుల్‌లా కనిపించింది. వారం రోజులు చూశాక అర్థమైంది, ఇది పంచాంగం. రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా పోటు వస్తుంది. పౌర్ణమికీ అమావాస్యకీ ఒకటి రెండు రోజుల తర్వాత అన్నిటికంటే పెద్దది. ఇక్కడి పెద్ద పోటుకీ ఆటుకీ మధ్య నీటి ఎత్తులో తేడా పది మీటర్ల దాకా ఉంటుంది. మూడంతస్తుల మేడంత నీరు ఆరు గంటల్లో వచ్చి, మళ్లీ ఆరు గంటల్లో వెళ్లిపోతుంది. అఖాతం అడుగు దాదాపు బల్లపరుపుగా ఉండడంతో ఆ నీరు మైళ్లకు మైళ్లు జరుగుతుంది.

ఇంకో సంగతి నాకు నేనుగా పట్టుకున్నాను. ఈ తీరంలో పౌర్ణమి, అమావాస్యల పెద్ద పోటు ఎప్పుడూ మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట ప్రాంతంలోనూ, మళ్లీ అర్ధరాత్రి దాటుతుండగానూ వస్తుంది. పౌర్ణమి రోజు సాయంత్రం ఆరింటికి ఒడ్డుకు వెళ్తే సముద్రం ఉండదు. అష్టమి నాడు అదంతా తిరగబడుతుంది. నేను మొదటిసారి ఫోన్ తిప్పింది అష్టమి దాటిన మధ్యాహ్నం. ఈ లెక్క తెలిశాక అమ్మకి చెప్తే, "మరి తిథి చూసుకుని ఎల్లాలి గదే" అంది, అదేదో ముందే తెలియాల్సిన విషయమైనట్టు.

మా హోమ్‌లో ఒక ముసలావిడ ఉండేది. అప్పటికి తొంభై ఒక్కేళ్లు. యార్క్‌షైర్‌లోని బ్రాడ్‌ఫర్డ్ ఆవిడది. పదిహేనేళ్లకే ఉన్ని మిల్లులో పనికి కుదిరింది. ఏడాదికోసారి ఆగస్టులో మిల్లులన్నీ ఒకేసారి మూసేసేవారు. ఆ వారం బ్రాడ్‌ఫర్డ్ సగం రైలెక్కి మోర్‌కమ్‌లో దిగేదట. అందుకే ఈ ఊరికి 'బ్రాడ్‌ఫర్డ్ బై ద సీ' అని పేరు. ఆ సెలవుల వారాన్ని బ్రాడ్‌ఫర్డ్ వాళ్లు 'బౌలింగ్ టైడ్' అనేవారు. బౌలింగ్ అనేది అక్కడో పేట. టైడ్ అంటే పోటు అని మాత్రమే నాకు తెలుసు, ఆ పాత మాటకి పండగ అనే అర్థం కూడా ఉందని ఆవిడే చెప్పింది. ఆ రాత్రి డ్యూటీ అయ్యాక కూడా అదే ఆలోచన. మనం పౌర్ణమిని, అమావాస్యని పర్వాలంటాం, పండగనీ పర్వమే అంటాం. సముద్రస్నానం పర్వదినాన చేయమంటారు. ఎక్కడి బ్రాడ్‌ఫర్డ్, ఎక్కడి భీమిలి, సముద్రం పొంగే రోజుకీ పండగకీ రెండు చోట్లా ఒకే మాట.

మిల్లు పిల్లగా ఏడాదికి వారం రోజులు చూసిన సముద్రం పక్కనే ఉండాలని, రిటైరయ్యాక ఆవిడా భర్తా ఈ ఊరొచ్చి స్థిరపడ్డారు. మా హోమ్‌లో సగం మంది కథ ఇదే. నాకు చాలా ఊరటనిచ్చిన విషయమిది. ఇక్కడివాళ్లు కూడా ఎక్కడినుంచో వచ్చినవాళ్లే.

2023 జూన్‌లో, పౌర్ణమి వెళ్లిన మర్నాడు, ఆవిడ్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి పోటు చూపిద్దామని తీసుకెళ్లాను. పుస్తకంలో 11:50 అని ఉంది. సరిగ్గా ఆ వేళకి స్టోన్ జెట్టీ మీదకు చేరాం. ఇది సముద్రంలోకి పొడుచుకొచ్చిన పాత రాతికట్ట, 1933లో కట్టిన తెల్లటి మిడ్‌లాండ్ హోటల్ వెనకాలే ఉంటుంది. తీరా చూస్తే నీళ్లు ఇంకా ఎక్కడో ఉన్నాయి. నేను కంగారుపడుతుంటే ఆవిడ నా చెయ్యి తట్టి, "గంట కలపాలి, లవ్" అంది. పుస్తకంలో ఏడాదంతా గ్రీనిచ్ టైమే వేస్తారు, వేసవిలో గడియారాలు గంట ముందుకు జరిపాక మనమే కలుపుకోవాలి. ఆ మాట మొదటి పేజీలోనే ఉంది. నేను చదవలేదు.

ఆ గంట పొరపాటు వల్ల పోటు రావడాన్ని మొదటిసారి మొత్తం చూశాను. అల విరగదు, శబ్దం ఉండదు. ముందు దూరాన ఓ వెండి గీత కనిపిస్తుంది. అది దగ్గరికొస్తోందని తెలిసేలోపే ఎడమపక్క పిల్లకాలువ నిండిపోయి ఉంటుంది. ఇసకలో నీళ్లు గీసిన ముడతల్లోకి గోధుమరంగు నురగ అంచు పాకుతుంది. ఒక ముడత నిండుతుంది, రెండు క్షణాలాగి గట్టు దాటుతుంది, పక్క ముడత నిండుతుంది. మా అమ్మమ్మ ఇడ్లీ రేకుల్లో పిండి పోసేటప్పుడు ఒక్కో గుంట నిండడం అలాగే చూసేదాన్ని. ఆయిస్టర్‌క్యాచర్లు అనే ఎర్రముక్కు పక్షులు నీటితోపాటే ఒక్కో అడుగూ ఒడ్డుకి జరుగుతూ వచ్చాయి. వాటిదీ మాదీ ఒకటే తొందర లేని ఎదురుచూపు. నీళ్లు రాళ్లని తాకినప్పుడు ఆవిడ "దేర్" అంది, బిడ్డ ఇల్లు చేరినట్టు. మేము భోజనాల వేళకి చేరలేకపోయాం, షిఫ్ట్ లీడర్ నన్ను మందలించింది. ఆవిడ మాత్రం వారం రోజులు కనిపించినవాళ్లందరికీ ఆ కథ చెప్పింది.

తిండి సంగతి చెప్పకుండా ఈ ఊరి గురించి రాయలేను. జీతం పడిన శుక్రవారం సాయంత్రం మేము చిప్స్ తెచ్చుకుంటాం. లావుపాటి బంగాళదుంప ముక్కలు, మైదా పిండిలో ముంచి వేయించిన హ్యాడక్ చేప, పైన ఉప్పు, వెనిగర్. కాగితం విప్పగానే పుల్లటి ఆవిరి మొహానికి కొడుతుంది. ప్రొమెనేడ్ బెంచీ మీద కూర్చుని తినాలి, ఇంటికి తెస్తే మెత్తబడిపోతాయి. సీగల్ ఒకటి మీ వెనకే ఉంటుందని గుర్తుంచుకోవాలి. మా బాబు మొదటి వారంలోనే ఒక చేపముక్క మొత్తం దానికి సమర్పించుకున్నాడు. నా బ్యాగులో చిన్న డబ్బాలో కారప్పొడి ఉంటుంది. వెనిగర్ మీద కారం పడితే ఆ రుచి వేరు. మా హోమ్ వంటావిడ కూడా ఇప్పుడు అడిగి వేయించుకుంటుంది.

ఈ అఖాతంలో పట్టే చిన్న గోధుమరంగు రొయ్యలకి పెద్ద పేరు. ఒకప్పుడు గుర్రబ్బళ్లతో, తర్వాత ట్రాక్టర్లతో ఆటు వేళ ఇసకలోకి వెళ్లి వల లాగేవారు. వాటిని వెన్నలో, జాపత్రి వేసి, చిన్న గిన్నెల్లో గడ్డకట్టించి అమ్ముతారు. టోస్టు మీద రాసుకుని తినాలి. బాగుంటుంది. కానీ నేను ఉడికించి వలిచినవి పావుకిలో తెచ్చి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేయించి, చింతపండు పులుసు పోసి దించుతాను. వలిచి ఇస్తారు కనుక పది నిమిషాల పని. ఆ రోజు ఇల్లంతా భీమిలి వాసన.

ఇదే ఇసక గురించి ఇంకో మాట ఉంది. ఒడ్డు పొడవునా హెచ్చరిక బోర్డులుంటాయి, ఊబి ఉంది, పోటు వేగంగా వస్తుంది అని. 2004 ఫిబ్రవరి 5 రాత్రి, కాకిల్స్ అనే గుల్లలు ఏరడానికి వెళ్లిన చైనా కూలీలు కనీసం 21 మంది ఇక్కడ మునిగిపోయారు. అనుమతి కాగితాలు లేవు, భాష రాదు, పోటు వేళ తెలియదు. తెలిసిన మేస్త్రీలు వాళ్లని పట్టించుకోలేదు. ఆ తర్వాతే కూలీలను సరఫరా చేసేవాళ్లకి లైసెన్సు తప్పనిసరి చేస్తూ అదే ఏడాది చట్టం వచ్చింది. నాకు వీసా ఉంది, పడుకోవడానికి వెచ్చటి గది ఉంది, వాళ్లతో పోల్చుకునే హక్కు నాకు లేదు. అయినా ఫిబ్రవరిలో చీకటి పడ్డాక ఆ బోర్డు పక్కనుంచి నడిచిన ప్రతిసారీ, ఆ చిన్న పుస్తకం ఎవరైనా వాళ్ల చేతిలో పెట్టి ఉంటే అనుకుంటాను.

ఈ ఇసక దాటించడానికి రాజుగారి గైడు ఉంటాడు. 1548 నుంచీ ఆ పదవి ఉంది, జీతం ఏడాదికి 15 పౌండ్లు, ఉండడానికి ఒక ఇల్లు. సెడ్రిక్ రాబిన్సన్ అనే ఆయన 1963 నుంచి 2019 దాకా ఆ పని చేశాడు. వేసవిలో ఆటు వేళ ఆర్న్‌సైడ్ నుంచి కెంట్స్ బ్యాంక్ దాకా, సుమారు 8 మైళ్లు, వందలమందిని నడిపిస్తారు. 2024లో మా హోమ్ తరఫున చందాలు పోగుచేసి మేమూ నడిచాం. దారి పొడవునా గుర్తుగా కొమ్మలు గుచ్చి ఉన్నాయి. కెంట్ నది దగ్గర అందరం పొడవాటి ఒకే వరసలో నిలబడి ఒక్కసారిగా దాటాం. ఒకరి వెనక ఒకరు నడిస్తే కింద ఇసక కదిలిపోతుందట. నీళ్లు మోకాళ్లు దాటాయి. నా చెయ్యి పట్టుకున్న కేరళ అమ్మాయికి కొట్టాయంలో మూడేళ్ల పాప ఉంది. 2024 మార్చి తర్వాత వచ్చిన కేర్ వర్కర్లకి కుటుంబాన్ని తెచ్చుకునే వీలు తీసేశారు. నా భర్తా బాబూ అంతకు ముందే వచ్చేశారు, తను ఆ తర్వాత వచ్చింది. నది మధ్యలో ఆగి ఫోన్ పైకెత్తి పాపకి నీళ్లు చూపించింది. చెప్పులు చేత్తో పట్టుకుని మేమిద్దరం అలాగే నిలబడ్డాం, వరస కదిలేదాకా.

మా బ్రాడ్‌ఫర్డ్ ఆవిడ పోయిన చలికాలంలో వెళ్లిపోయింది. తెల్లవారుజామున నా డ్యూటీలోనే. కిటికీ తెర తీసి పుస్తకం చూశాను, అలవాటు కొద్దీ. నీళ్లు తీస్తున్న వేళ.

మొన్న అమ్మ ఫోన్ చేసింది. వంటింట్లో ఉన్నట్టుంది, పోపు చిటపటలాడుతోంది. "ఎల్లుండి పున్నమి గదే, మద్యానం డూటీలో ఉంటావా?" అని అడిగింది. ఉండను, సెలవు పెట్టుకున్నాను అన్నాను.

"అయితే పన్నెండుకి నాకు చూపించు."

"ఒంటిగంటకి అమ్మా. గంట కలపాలి."