సాధారణ వర్షపాతం అంటే ఏ యాభై ఏళ్ల లెక్క?

ఏటా ఏప్రిల్‌లో వాతావరణ శాఖ అంచనా రాగానే "ఈసారి సాధారణ వర్షపాతమే" అనో "లోటు తప్పదు" అనో హెడ్‌లైన్లు మొదలవుతాయి. దేనితో పోల్చి చెబుతున్నారో మాత్రం ఎవరూ రాయరు.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దేశం మొత్తానికి నైరుతి రుతుపవనాల దీర్ఘకాల సగటు ఇప్పుడు సుమారు 87 సెంటీమీటర్లు. ఇది 1971–2020 లెక్క. దీనికి ముందు 1961–2010 సగటు వాడేవాళ్లు, అది 88. అంతకుముందు 1951–2000ది, 89. ఒక్కో సెంటీమీటరేగా అనిపిస్తుంది, కానీ ఇంత పెద్ద దేశం మీద యాభై ఏళ్లకు తీసిన సగటు ఊరికే కదలదు, తడి దశాబ్దాలు లెక్కలోంచి జారిపోయి పొడివి వచ్చి చేరితేనే కదులుతుంది. సగటులో 96 నుంచి 104 శాతం మధ్య పడితే సాధారణం అంటారు కదా, అలా చూస్తే ఒక ఏడాది 84.5 సెంటీమీటర్లు కురిస్తే పాత 89తో అది తక్కువ వర్షం, ఇప్పటి 87తో సాధారణం. వాన అదే!

గత శతాబ్దపు రికార్డు చూస్తే, మొదటి రెండు దశాబ్దాలు పొడిగా, 1921 నుంచి 1970 దాకా మొత్తం మీద బాగా, ఆ తర్వాత మళ్లీ తక్కువగా నడిచాయి. మంచి దశలో కరువులు రాలేదని కాదు, 1965, 66 వరసగా ఎండగట్టాయి. పొడి దశలోనూ 1988లో కుండపోతే.

వాన తగ్గగానే అందరూ ఎల్ నినోని, అంటే పసిఫిక్ సముద్రం మధ్య, తూర్పు భాగాలు మామూలు కంటే వేడెక్కడాన్ని, తిడతారు. తిట్టొచ్చు కూడా, మన పెద్దలు ధాత కరువని చెప్పుకున్న 1876–78 కరువు వెనక అతి బలమైన ఎల్ నినో ఉంది. కానీ 1997లో కూడా భారీ ఎల్ నినోనే, వాన మాత్రం సగటును దాటింది, ఎందుకంటే ఆ ఏడాది హిందూ మహాసముద్రం పడమటి వైపు వేడెక్కి మన వానకు సాయపడింది. 2002లో ఎల్ నినో అంత పెద్దది కాదు, అయినా జూలైలో దాదాపు సగం వాన ఎగ్గొట్టి సీజన్‌ను 81 శాతానికి దించింది. పైగా ఎల్ నినో ఒక ఏడాది సంగతి చెబుతుంది. దశాబ్దాల తరబడి సాగే ఎగుడుదిగుళ్లకు పసిఫిక్, అట్లాంటిక్ సముద్రాల్లో నెమ్మదిగా మారే వేడిని చూడాలి. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతంలో 1970, 80ల కరువులకు మొదట పశువుల మేతను, చెట్ల నరికివేతను తప్పుపట్టారు, తర్వాత చూస్తే అసలు కారణం చాలావరకు సముద్రాల్లోనే దొరికింది. మన దగ్గర దీనికి తోడు హిందూ మహాసముద్రం వేడెక్కి, రుతుపవనాలను లాక్కొచ్చే నేలకీ నీటికీ మధ్య వేడి తేడా తగ్గుతోంది, గాల్లో పొగ, ధూళి ఎండను నేల దాకా రానివ్వడం లేదు.

ఇంత తిప్పలు పడి తీసిన మొత్తం కూడా సగం కథే చెబుతుంది. మధ్య భారతంలో 1951–2000 మధ్య అతి భారీ వానలు పెరిగాయి, ఓ మోస్తరు వానలు తగ్గాయి, రెండూ కలిపితే మొత్తంలో పెద్ద తేడా కనపడలేదు. పైరుకు కావాల్సింది ఆ ఓ మోస్తరు వానే.

2031–40 దశాబ్దం తడి దశలోకి వెళ్లొచ్చని వాతావరణ శాఖ అంటోంది. రావచ్చు. కానీ 1930ల నాటి సముద్రం ఇంత వేడిగా లేదు, కాబట్టి వచ్చే తడి దశ అప్పటిలా నిదానంగా కురిసిపోతుందని మాత్రం నేను అనుకోవట్లేదు.