వెయ్యి వాట్లు ఎవరిక్కావాలి!

ఇంట్లో పాటలు వినడానికి మొత్తానికి ఒక యాంప్లిఫైయర్ కొన్నా. కోఠి గుజరాతీ గల్లీలో ఏ షాపుకెళ్లినా ఒకటే మాట: "అన్నా, ఇది వెయ్యి వాట్లు!" ఆ వెయ్యి పీఎంపీఓ లెక్క, అంటే ఒక్క క్షణం పాటు వస్తుందని చెప్పుకునే పవర్, కాగితం మీదే ఉంటుంది. ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే అసలు పవర్) ఎంత, ఎన్ని ఓమ్‌ల (స్పీకర్ నిరోధం) దగ్గర అని అడగ్గానే సగం మంది పక్క కస్టమర్ వైపు తిరిగిపోయారు.

నావి 8 ఓమ్‌ల బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, సెన్సిటివిటీ (ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో వచ్చే సౌండ్) 86 డీబీ. మా హాల్లో మామూలు సౌండ్‌కి ఒకటి రెండు వాట్లు చాలు. మిగతా పవర్ అంతా డప్పు దెబ్బ పడే ఆ క్షణానికే. అందుకే టీపీఏ3116 చిప్ ఉన్న చిన్న క్లాస్-డి (పెద్దగా వేడెక్కకుండా పనిచేసే రకం) యాంప్లిఫైయర్ పెట్టె తీసుకున్నా, అరచేతిలో పట్టేస్తుంది. మీద 50 ప్లస్ 50 వాట్లు అని రాసుంది గానీ అది 4 ఓమ్‌లకి, 21 వోల్టుల దగ్గర. 12 వోల్టుల అడాప్టర్ తగిలిస్తే నా స్పీకర్లకి శుభ్రంగా 9 వాట్లు కూడా రావు. 24 వోల్టులు, 5 ఆంప్‌ల మంచి అడాప్టర్‌కి విడిగా డబ్బులు పెట్టా. అసలు ఖర్చు పెట్టాల్సింది అక్కడే అని నా అభిప్రాయం.

ట్వీటర్‌కి (సన్న శబ్దాలిచ్చే చిన్న స్పీకర్) చెవి ఆనిస్తే సన్నగా 'స్‌స్' వినిపిస్తుంది, సోఫా దాకా రాదు. రిమోట్ లేదు, అమ్మకి అదొక్కటే కోపం. ఫోనో ఇన్‌పుట్ (రికార్డ్ ప్లేయర్ తగిలించే చోటు) కూడా లేదు, రికార్డ్ ప్లేయర్ ఆశ ఉన్నవాళ్లు దాని చిన్న సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్ విడిగా చూసుకోవాలి.