పరంగిమల నుండి శాంథోమ్ దాకా, తోమా వెంట

ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు కుటుంబాలలో పుట్టినవారికి యాత్ర చేసే అలవాటు ఉండదు. వాక్యం ఎక్కడ చదివినా వాక్యమే, ప్రార్థన ఎక్కడ చేసినా ప్రార్థనే అన్న బోధలో పెరిగినవాళ్లం. అందువల్ల ఉద్యోగరీత్యా చెన్నైలో స్థిరపడి, ఇక్కడి తెలుగు సంఘంలో సభ్యురాలినై కూడా, యేసు శిష్యులలో ఒకడూ అపొస్తలుడూ అయిన తోమా పేరు మోస్తున్న పరంగిమల కొండను రైలు కిటికీలోంచి చూడడమే తప్ప ఎక్కాలని ఏనాడూ అనుకోలేదు. ఊరి నుండి వచ్చిన పిన్ని, "ఆయన నడిచిన ఊళ్లో కాపురముంటూ ఒక్కసారైనా వెళ్లలేదా అమ్మాయ్?" అని నిలదీయడంతో బయలుదేరాం. తమ్ముడు కూడా వచ్చాడు. వాడిని కదిలించింది భక్తి కాదు, పిన్ని మోకాళ్ల నొప్పులు.

తమ్ముడి సంగతి కొంత చెప్పాలి. నాన్నగారు జబ్బుపడినప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువగా ఉపవాసముండి ప్రార్థించినవాడు వాడే. నాన్నగారు దక్కలేదు. సమాధి కార్యక్రమం ముగిసీ ముగియకముందే ఒక పెద్దమనిషి వాడి భుజం మీద చెయ్యి వేసి, విశ్వాసం ఇంకాస్త బలంగా ఉండివుంటే స్వస్థత కలిగేదన్నాడు. ఆ తరువాత వాడు ఆరాధనకు రావడం మానేశాడు. దేవుని ప్రేమను గురించి వాడి దగ్గర ఎవరైనా మాట్లాడితే మర్యాదగా లేచి వెళ్లిపోతాడు.

పరంగిమల సుమారు 300 అడుగుల ఎత్తుంటుంది. వాహనాలకు వేరే దారి ఉన్నా పిన్ని మెట్ల దారే పట్టింది. ఈ మెట్లను 18వ శతాబ్దంలో కోజా పెట్రస్ ఉస్కాన్ అనే అర్మేనియన్ వర్తకుడు కట్టించాడు. అడయారు నది మీద సైదాపేట దగ్గర 1726లో వంతెన కట్టించినదీ ఆయనే. కొండ ఎక్కే భక్తులు ఏరు దాటలేక ఆగిపోకూడదని ఒక వ్యాపారి తన సొమ్ము వెచ్చించడం నాకు ఎంతో నచ్చింది. మెట్ల పొడవునా క్రీస్తు శ్రమలను చూపే 14 మజిలీలున్నాయి. మా ఆరాధనలో అవి లేకపోయినా, మోకాళ్ల నొప్పులున్నవారికి అవి చేసే మేలును మాత్రం ఏ బాప్టిస్టూ కాదనలేడు.

పైనున్న చిన్న గుడిలో బలిపీఠం వెనుక గోడలో ఒక రాతి శిలువ ఉంది. 1547లో పోర్చుగీసువారు పునాదులు తవ్వుతుండగా అది బయటపడింది. దానిని తోమాయే చెక్కాడని జనం నమ్ముతారు. దాని చుట్టూ ఉన్న పహ్లవీ (ప్రాచీన పారశీక) లిపిని బట్టి అది ఆయన తరువాత ఎన్నో శతాబ్దాలకు చెక్కినదని పండితులంటారు. క్రీ.శ. 52లో ఆయన కేరళ తీరంలో దిగాడనీ, 72లో ఈ కొండ మీద ఈటెపోటుకు ప్రాణం విడిచాడనీ చెప్పేది సంప్రదాయం. బైబిలులో ఆ ప్రస్తావన లేదు. నాకు ఆ వివాదం తేలాలన్న పట్టుదల లేదు.

గుడి బయట చెట్టు నీడన, మీనంబాకంలో దిగే విమానాల రొద మధ్య, పిన్ని యోహాను సువార్త 20వ అధ్యాయం చదవమంది. చిన్నప్పటి నుండి ఎన్నోసార్లు విన్న భాగమే గాని, తమ్ముడు పక్కన కూర్చుని ఉండగా చదవడం వేరు. మన ప్రసంగాలలో తోమాకు అవిశ్వాసి అన్న పేరు స్థిరపడిపోయింది. అయితే అదే సువార్త 11వ అధ్యాయంలో, యూదయకు వెళితే రాళ్లతో కొడతారని తక్కిన శిష్యులు జంకుతున్న వేళ, ఆయనతో కూడ చనిపోవడానికి మనమూ వెళదామన్నవాడు ఈ తోమాయే. అంతగా ప్రేమించినవాడు కనుకనే ఆ మరణం తరువాత వట్టి మాటలతో ఊరట పొందలేకపోయాడు. తాను లేనప్పుడు తిరిగి లేచిన ప్రభువును చూశామని తక్కిన శిష్యులు చెబితే, మేకుల గుర్తులు చూడందే నమ్మనన్న ఆ మాటలో నాకు మొండితనం కంటే దుఃఖమే ఎక్కువగా వినిపించింది.

ఆ తరువాత ఎనిమిది దినాల వరకు ప్రభువు రాలేదు. ఆ ఎనిమిది దినాలూ తక్కిన పదిమంది ఏం చేశారో సువార్త చెప్పదు. కాని ప్రభువు తిరిగి వచ్చేసరికి తోమా ఆ గదిలో వాళ్లతోనే ఉన్నాడు. మేము చూశామని పదిమంది చెబుతుండగా నేను నమ్మనన్నవాడిని వాళ్లు వెళ్లగొట్టలేదు, వాడూ విడిచి వెళ్లలేదు. వచ్చిన ప్రభువు, లేనప్పుడు తోమా అన్న మాటలనే ఎత్తి, "నీ వ్రేలు ఇటు చాచి నా చేతులు చూడుము" అన్నాడు. పునరుత్థానుడైన తరువాత కూడా ఆ గాయాలను చెరిపేసుకోలేదు. తోమా నిజంగా తాకాడో లేదో యోహాను రాయనే లేదు. "నా ప్రభువా, నా దేవా" అన్న జవాబు మాత్రం రాశాడు. మన సభలలో దేవుని ప్రేమానుభవం అంటే కన్నీళ్లు, సాక్ష్యాలు, గట్టి స్వరాలు అన్న భావం పాతుకుపోయింది. ఇక్కడ అనుభవించినవాడి వైపు నుండి ఆ సిద్ధపాటు ఏదీ లేదు. అతడు పెట్టిన షరతును విని, ఆ షరతుకు ఒప్పుకొని వచ్చినవాడు ప్రభువే. "మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను" అని పౌలు రోమా సంఘానికి రాసినది కూడా ఈ వరుసనే: ప్రేమ ముందు, విశ్వాసం దాని వెనుక.

చిన్నమలలో తోమా తలదాచుకున్నాడని చెప్పే గుహను త్వరగానే చూసి మైలాపూరు చేరాం. తోమా సమాధి మీద వెలసిన పెద్ద చర్చి శాంథోమ్ బసిలికా ప్రస్తుత కట్టడం 1896 నాటిది. సమాధి మందిరం నేల అడుగున ఉంది. తోమా అస్థికలను పూర్వమే ఎదెస్సాకు (నేటి టర్కీలో ఉంది) తీసుకువెళ్లారనీ, 1258లో అవి ఇటలీలోని ఓర్తోనాకు చేరాయనీ చెబితే, "అయితే ఇక్కడ ఖాళీ సమాధేనా? మంచిదే, ఆయన గురువుదీ అంతే కదా" అంది పిన్ని. బొట్టు పెట్టుకున్న స్త్రీలు, బడిపిల్లలు, మలయాళీ కుటుంబాలు మా పక్కనే మోకరించి ఉన్నారు.

మెట్లెక్కి పైకి వచ్చాక తమ్ముడు అడిగాడు, "ఆ ఎనిమిది రోజులూ వాళ్లు తోమాతో ఏం మాట్లాడి ఉంటారు పిన్నీ?"

"ఏం మాట్లాడతారు నాయనా, అన్నం తిన్నావా అని అడిగి ఉంటారు."

వాడు నవ్వి, కాసేపటికి నాన్నగారి సమాధి దగ్గర ఆ పెద్దమనిషి అన్న మాటను పిన్నికి చెప్పాడు. ఆమె ఆయనను సమర్థించలేదు, వీడికి వాక్యం అప్పజెప్పనూ లేదు. తమ్ముడు తన వాదన పూర్తిగా వినిపించాడు. స్వస్థత రాకపోవడం తనకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుందన్నాడు. ఆదివారం ఆరాధన సంగతి మేమిద్దరం ఎత్తలేదు. పిన్నికి ఆకలి వేయడంతో మైలాపూరు మాడవీధుల వైపు హోటలు వెతుక్కుంటూ నడిచాం.