మీ వెండర్ ఎవరి దగ్గర కొంటాడు?

"ఇద్దరు వెండర్లని రాశారు. నాకు మాత్రం ఒక్క ఫ్యాక్టరీయే కనిపిస్తోంది."

జర్మనీలోని స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల కార్ల విడిభాగాల కంపెనీలో, నలుగురి ముందు పై అధికారి నోట ఈ మాట వింటే చురుక్కుమంటుంది. మన దగ్గర మూడు కొటేషన్లు తెప్పించి, కంపారిటివ్ స్టేట్‌మెంట్ వేసి, అందరికన్నా తక్కువ చెప్పిన ఎల్-1కి ఆర్డరిస్తే పర్చేజ్ వాడి పని అయిపోయినట్టే. రెండో స్థానంలో ఉన్న ఎల్-2ని కూడా పక్కన సిద్ధంగా ఉంచుకుంటే ముందుచూపు ఉన్నవాడని పేరు. ఆ ఇద్దరూ ముడిసరుకు ఎక్కడ కొంటారో అడిగితే మాత్రం, వాళ్ల వ్యాపారంలో వేలు పెట్టినట్టు ఉంటుంది.

ఇక్కడివాళ్లు అలా అడగడం వెనక ఒక ప్రమాదం ఉంది. 2012 మార్చి 31న జర్మనీలోని మార్ల్‌లో ఎవోనిక్ ప్లాంట్‌లో పేలుడు జరిగింది. ఇద్దరు కార్మికులు చనిపోయారు. అక్కడ తయారయ్యేది సీడీటీ అనే రసాయనం. దాంతో నైలాన్-12 చేస్తారు, నైలాన్-12తో కార్ల ఇంధన గొట్టాలు, బ్రేకు గొట్టాలు. గొట్టాలు అమ్మేవాళ్లు ఎందరో ఉన్నా, కిందికి వెళ్లేకొద్దీ దారులన్నీ ఆ కొద్దిపాటి ప్లాంట్ల దగ్గరికే చేరుతున్నాయని కార్ల కంపెనీలకు అప్పుడే కళ్లకు కట్టింది. ఏప్రిల్లో మిషిగన్‌లో అత్యవసర సమావేశం పెట్టుకుని ప్రత్యామ్నాయాల వెంట పడ్డారు.

కాబట్టి వెండర్‌ని అడగాల్సింది హెడ్ ఆఫీసు చిరునామా కాదు. సరుకు తయారయ్యే షెడ్డు ఎక్కడ, దాని ముడిసరుకు ఏ ప్లాంట్‌ది, ఆ ప్లాంట్ ఆగితే మళ్లీ మొదలవడానికి ఎన్ని వారాలు? ఈ మూడు జవాబులూ వచ్చాక లెక్క సులువు. రోజుకు 4,000 గొట్టాలు వాడతాం, స్టాకు 24,000 ఉందనుకోండి. ఆరు పని దినాలు గడుస్తాయి. ముడిసరుకు మళ్లీ రావడానికి ఎనిమిది వారాలంటే 40 పని దినాలు. మధ్యలో 34 రోజులకు 1,36,000 గొట్టాలు కావాలి. అన్ని గొట్టాలు నిల్వ పెట్టడానికి ఏ ఫైనాన్స్ వాళ్లూ ఒప్పుకోరు. డిజైన్ మారితే అవన్నీ తుక్కే. అదే గొట్టాలకు బదులు నైలాన్ గింజలు నిల్వ పెడితే, గొట్టం ఒక్కోటి 50 గ్రాములనుకుంటే, మొత్తం 6.8 టన్నులు, అంటే 25 కిలోల సంచులు 272. గింజలైతే ఏ సైజు గొట్టమైనా లాగొచ్చు. నైలాన్ తేమ పీలుస్తుంది కనుక సీలు తీయకుండా ఉంచాలి, తీసిన సంచిని వాడే ముందు 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టాలి. గొట్టాలు లాగే యంత్రమే కాలిపోతే ఈ గింజలు అక్కరకు రావు. దానికి రెండో షెడ్డు కావాల్సిందే. బదులు పదార్థానికి ఇంధనం ఊరడం, పీడనం, చలిలో పగలడం వంటి పరీక్షలకు నెలలు పడుతుంది. ఆ పరీక్షలు ఏ ఇబ్బందీ లేని రోజుల్లోనే చేయించి పెట్టుకోవాలి.

ఇంతవరకూ వీళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందే. మనసుకు పట్టనిది ఇంకొకటి ఉంది.

2023 జనవరి 1 నుంచి జర్మనీలో సరఫరా గొలుసు చట్టం వచ్చింది, సరుకు ఇచ్చేవాళ్ల దగ్గర కూలీల హక్కులు కూడా కొనే కంపెనీ చూసుకోవాలని. మొదట 3,000 మంది, 2024 నుంచి 1,000 మంది ఉద్యోగులున్న కంపెనీలకు. వెంటనే బాలానగర్‌లోనో కోయంబత్తూరులోనో పాతికమందితో నడిచే షెడ్డుకు వందల ప్రశ్నల షీటు పోతుంది. బాల కార్మికులు ఉన్నారా, ఓవర్‌టైమ్ ఎంత, సంతకం పెట్టండి. అడగడం తప్పు కాదు. కానీ అదే కొనుగోలు విభాగం శుక్రవారం సాయంత్రం ఆర్డరు 40 శాతం పెంచి సోమవారానికి సరుకు కదలాలంటుంది. ఆదివారం ఆ షెడ్డులో మనుషుల్ని ఎవరు నిలబెట్టినట్టు? ఓవర్‌టైమ్‌కు చట్టం రెట్టింపు కూలీ ఇమ్మంటుంది. ఆ రెట్టింపు, కొనే మన పర్చేజ్ ఆర్డరులో ఏ లైనులోనూ ఉండదు. సరుకు ఓడలో ఆరు వారాలు, చేరాక 90 రోజులకు చెల్లింపు. వెరసి 132 రోజులు చిన్న మనిషి డబ్బు మన దగ్గర ఇరుక్కుంటుంది. మన దేశంలో చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 చట్టం చెబుతుంది. ఆ ఒక్క విషయంలో మనవాళ్లు రాసుకున్నదే మేలనిపిస్తుంది, అమలు సంగతి ఎలా ఉన్నా.

నిజానికి జర్మన్ చట్టం ఆరో సెక్షన్‌లో కంపెనీ తన కొనుగోలు పద్ధతులనే సరిచేసుకోవాలని ఉంది. షీటు పంపేవాళ్లు అక్కడిదాకా చదివితే బాగుండు. సరిచేసుకోవడమంటే నా లెక్కలో, నాలుగు వారాల ఆర్డరు మార్చకుండా ఉంచడం, మారిస్తే అదనపు కూలీ మనమే భరించడం, ఓడెక్కిన రోజు నుంచి చెల్లింపు లెక్క మొదలుపెట్టడం. ఏ ఆడిట్ రిపోర్టూ ఈ మూడింటి పని చేయదు.

నైలాన్-12కు బదులుగా ఇక్కడ చాలామంది చూపించేది నైలాన్-11. అది పెట్రోలియంది కాదు, ఆముదంది. షీటులో 'పర్యావరణహితం' గడిలో టిక్ పడిపోతుంది. మన ఆముదమే కదా అని ఛాతీ ఉప్పొంగే మాట నిజం. కానీ ప్రపంచ ఆముదంలో అత్యధికం భారత్‌ది, అందులో అత్యధికం గుజరాత్‌ది. ఒక ప్లాంట్ మీది భారాన్ని ఒక రాష్ట్రపు వాన మీదికి మార్చినట్టే. 2016లో రసాయన కంపెనీలు ఆర్కెమా, బీఏఎస్ఎఫ్, ఆముదం కంపెనీ జయంత్ ఆగ్రో, స్వచ్ఛంద సంస్థ సాలిడారిడాడ్ కలిసి ఆముదం సాగు మెరుగుపరచడానికి ప్రగతి పేరుతో పని మొదలుపెట్టిందీ గుజరాత్ రైతులతోనే.

రెండో దారి పాలమూరు, నల్లగొండ ఎర్రనేలల్లో ఉంది. వర్షాధారంగా ఆముదం వేసిన నేలలవి, చాలావరకు పత్తికి మారాయి. గెల మీద ఉండగా ముసురు పడితే బూజు తెగులు, లేత ఆకు మీద దాసరి పురుగు, ఈ కష్టాలు ఎలాగూ ఉన్నాయి. తట్టుకునే విత్తనం మీద పనిచేసే నూనెగింజల పరిశోధన సంస్థ రాజేంద్రనగర్‌లోనే ఉంది. లేనిది ముందస్తు రేటు. స్టుట్‌గార్ట్‌లో మూడు నెలలకోసారి రేటు మాట్లాడుకునే పద్ధతి ఆ చేనుకు కుదరదు. విత్తనం కొనే జూన్ నాటికి రైతు చేతిలో రాతపూర్వకంగా ధర లేకపోతే, ఆ ఏడు కూడా అక్కడ పత్తే పడుతుంది.