ఎదుటివాడి మెడ

గురువారం. పొద్దున క్లినిక్ తెరిచేసరికే ఫైటర్ అన్న గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. ఆయనది చీరాల దగ్గర పల్లెటూరు, సినిమాల్లో ఫైటర్‌గా చేరడానికి కుర్రతనంలో మద్రాసు వచ్చి ఈ సాలిగ్రామంలోనే స్థిరపడిపోయాడు. భుజం అరిగిపోయి కొంతకాలంగా నా దగ్గర ఫిజియో చేయించుకుంటున్నాడు. ఇవాళ వెంట ఒక కుర్రాడు కూడా ఉన్నాడు, ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి.

"అమ్మా, వీడు మావాడే. నిన్న తాడు కట్టుకుని దూకే రోప్ షాట్‌లో తల కొట్టుకుంది. మెడ పట్టేసిందంటున్నాడు, కాస్త చూడమ్మా."

కుర్రాడు నవ్వుతూనే కూర్చున్నాడు కానీ ట్యూబ్‌లైట్ వైపు చూడలేక కళ్లు చికిలించుకుంటున్నాడు. పడ్డాక ఏం జరిగిందో చెప్పు తమ్ముడూ అన్నాను. "ఫైట్ మాస్టర్ యాక్షన్ అన్నది గుర్తుంది మేడం, తర్వాత చూస్తే కుర్చీలో కూర్చుని నీళ్లు తాగుతున్నా" అన్నాడు. మధ్యలో ఏమైందో అసలు లేదు వాడికి. రాత్రి వాంతి కూడా అయిందట. మెడ మీద చెయ్యి కూడా వెయ్యలేదు నేను. రెండు ముక్కలు చీటీ రాసిచ్చి, ముందు ఎమర్జెన్సీకి వెళ్లి తలకి స్కాన్ తీయించండి, ఇప్పుడే, ఆటోలోనే వెళ్లండి, బండి వద్దు అని పంపించేశాను. వెళ్తూ వెళ్తూ కుర్రాడు అడిగిందొక్కటే: "రేపు షూటింగ్ ఉంది మేడం, చేయొచ్చు కదా?"

ఆ మాట దగ్గర నుంచీ రోజంతా ఒకప్పటి రెజ్లర్ బ్రెట్ హార్ట్ నన్ను వదల్లేదు.

నెల్లూరులో మా మూలాపేట ఇంట్లో కేబుల్ పెట్టించిన కొత్తలో అన్నయ్యకీ నాకూ టీవీలో వచ్చే అమెరికా రెజ్లింగ్, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పిచ్చి. రెజ్లర్ల ట్రంప్ కార్డుల కోసం కొట్టుకునేవాళ్లం. అన్నయ్య అండర్‌టేకర్ పక్షం, నేను బ్రెట్ హార్ట్ పక్షం. గులాబీ, నలుపు కలిసిన డ్రెస్సు, తడిసిన పొడుగు జుట్టు, రింగ్‌లోకి వెళ్లేముందు తన అద్దాల కళ్లజోడు తీసి ముందు వరసలో ఉన్న పిల్లల్లో ఒకరికి పెట్టి వెళ్లేవాడు. ఆ వయసులో నాకు అంతకన్నా ఏం కావాలి. ఈ వృత్తిలోకి వచ్చాక, మెడలూ నడుములూ రోజూ చేత్తో పట్టుకుని చూడటం మొదలయ్యాక అర్థమైంది, ఆయన్ని ఇష్టపడటానికి కళ్లజోడు కన్నా పెద్ద కారణమే ఉందని. తన చేతుల్లో పడ్డవాళ్లెవరికీ పెద్ద దెబ్బ తగలనివ్వలేదు, కెరీర్ మొత్తంలో తనకి అన్నిటికన్నా గర్వంగా ఉండేది అదే అని ఆయన ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. అయిదుసార్లు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ చాంపియన్ అయిన మనిషి బెల్టుల కన్నా ముందు ఈ మాట చెప్తాడు.

రెజ్లింగ్ అంతా ముందే అనుకుని చేసేదే కదా అని కొట్టిపారేసేవాళ్లకి నేనొకటే చెప్తాను. ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు, నిజమే. కానీ పడటం మాత్రం నిజంగా పడటమే. రింగ్ అడుగున ఇనప దూలాలు, వాటి మీద చెక్కలు, పైన పల్చటి ఫోమ్, దాని మీద కాన్వాస్ గుడ్డ, అంతే. పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి, వీపు మొత్తం ఒకేసారి నేలకి తగిలేలా, చేతులు పక్కలకి చాపి కొడుతూ పడాలి. గడ్డం ఒక్క క్షణం పైకి లేస్తే తల వెనక భాగం వెళ్లి కొట్టుకుంటుంది. నిన్న ఈ కుర్రాడికి జరిగింది అదే అయ్యుంటుంది. ఇదంతా పడేవాడి పని. పైకెత్తి పడేసేవాడి పని ఇంకా కష్టం, ఎందుకంటే ఎదుటివాడు తన మెడ తెచ్చి మన చేతిలో పెట్టేస్తాడు, ఆ తర్వాత వాడు చేయగలిగింది పెద్దగా ఉండదు. ఫైటర్ అన్న కూడా భుజం తిప్పించుకుంటూ ఎప్పుడూ ఇదే అంటాడు, "పడేవాడిది ఏముందమ్మా, వాడు నమ్మి దూకేస్తాడు, తాడు పట్టుకున్నవాడికి తెలియాలి" అని.

బ్రెట్‌కి ఆ తెలివిడి ఎక్కడ నుంచి వచ్చిందో ఆలోచిస్తే వాళ్ల ఇల్లే గుర్తొస్తుంది. కెనడాలోని కాల్గరీలో పెద్ద ఇల్లు, పన్నెండు మంది పిల్లలు, తండ్రి స్టూ హార్ట్ రెజ్లరూ, స్టాంపీడ్ రెజ్లింగ్ అనే కంపెనీకి యజమానీ. ఇంటి కింద నేలమాళిగలో చాపలు పరిచి వచ్చినవాళ్లకి పట్లు నేర్పేవాడు, దానికి డంజన్ అని పేరు. నేర్పడమంటే మెత్తగా కాదు, నిజంగా పట్టేసి కుర్రాళ్లు కేకలు పెట్టేదాకా వదిలేవాడు కాదు. పిల్లల్లో ఎనిమిదోవాడు బ్రెట్, 1957లో పుట్టాడు. కీలు ఎంతవరకు వంగుతుందో, ఎక్కడ ఆగకపోతే తెగుతుందో ఆ చాపల మీద ఒంటితో నేర్చుకున్నాడు. నేర్చుకున్నదంతా తర్వాత ఎదుటివాడికి నొప్పి లేకుండా నొప్పి ఉన్నట్టు చూపించడానికి వాడుకున్నాడు. ఆయన షార్ప్‌షూటర్ పట్టు చూడండి, పడుకున్నవాడి కాళ్ల మధ్యలో తన కాలు పెట్టి, వాడి రెండు కాళ్లూ మెలిపెట్టి, బోర్లా తిప్పి కూర్చుంటాడు. నడుము మీద పూర్తి బరువు వేస్తే ఎవడి వెన్నయినా పాడవుతుంది. బ్రెట్ తన మోకాళ్ల మీదే బరువు ఆపుకోవడం నాకు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది, చిన్నప్పుడు కనిపించలేదు.

1992లో లండన్ వెంబ్లీ స్టేడియంలో తన చెల్లెలి భర్త డేవీ బాయ్ స్మిత్‌తో ఆడిన మ్యాచ్ ఉంది, దాదాపు 80 వేల మంది జనం. మొదలైన కాసేపటికే డేవీ అనుకున్నవన్నీ మర్చిపోయాడట. బ్రెట్ ఒక్కొక్క కదలికా చెవిలో చెప్తూ మ్యాచ్ అంతా నడిపించి, చివర్లో ఒప్పుకున్న ప్రకారం తనే ఓడిపోయాడు. రోజుకి కనీసం ఒకసారైనా ఒక పేషెంటుని పట్టుకుని నడిపించే పని నాది, అందుకే ఆ మ్యాచ్ అంటే నాకు ప్రాణం.

మధ్యాహ్నం అశోక్ నగర్‌లో హోం విజిట్. ఆర్కాట్ రోడ్డు మెట్రో పనులతో ఎప్పటిలాగే ఉంది, దాని గురించి రాయడం దండగ. బాబాయి గారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. కాలు దారిలో పడింది, చేతి వేళ్లే ఇంకా మాట వినడం లేదు. ఇవాళ స్టీలు గ్లాసు పట్టుకోవడం చేయించాను. పట్టుకోవడం కన్నా వదలడం కష్టం ఈ జబ్బులో. వేళ్లు బిగుసుకుపోయి గ్లాసు చుట్టూ ఉండిపోతాయి, వదలమని మెదడు ఎంత చెప్పినా వదలవు. బొటనవేలు కింద కండని మెల్లగా ఒత్తి, మణికట్టు కాస్త కిందకి వంచితే గ్లాసు జారింది. "వదిలాను అమ్మాయ్" అన్నారు. పిన్నిగారు వంటింట్లో నుంచి పరుగెత్తుకొచ్చారు.

బ్రెట్‌కి కూడా ఎడమ పక్కే. 2002 జూన్‌లో కాల్గరీలో సైకిల్ మీద వెళ్తూ పడిపోయాడు, ఆ తర్వాత స్ట్రోక్, ఎడమ వైపు మొత్తం పోయింది. 44 ఏళ్లు అప్పటికి. చక్రాల కుర్చీ నుంచి లేచి నెలల తరబడి ఫిజియో చేసి నడక తెచ్చుకున్నాడు. ఈ సంగతి బాబాయి గారికి చెప్పాను, ఆయనకి రెజ్లింగ్ అంటే ఏమీ తెలియదు, అయినా "మళ్లీ కుస్తీ పట్టాడా?" అని అడిగారు. 2010 జనవరి 4న పన్నెండేళ్ల తర్వాత మళ్లీ తన పాత కంపెనీ రింగ్‌లోకి వచ్చి, తనని మోసం చేసినవాళ్లలో ఒకడైన రెజ్లర్ షాన్ మైకేల్స్‌తో చెయ్యి కలిపి కౌగిలించుకున్నాడని చెప్పాను. ఆ మోసం ఏమిటని మళ్లీ అడిగారు. 1997 నవంబర్ 9, కెనడాలోని మాంట్రియల్, బ్రెట్‌కీ షాన్‌కీ టైటిల్ మ్యాచ్. బ్రెట్ వేరే కంపెనీకి వెళ్లబోతున్నాడు, సొంత దేశంలో టైటిల్ పోగొట్టుకోనన్నాడు. మ్యాచ్ గొడవలో ముగిసి ఎవరూ గెలవకుండా పోతుందని అందరూ ఒప్పుకున్నారు. తీరా షాన్ షార్ప్‌షూటర్ వేసిన మరుక్షణమే, బ్రెట్ లొంగిపోకుండానే, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఓనర్ విన్స్ మెక్‌మాన్ దగ్గరుండి షాన్ గెలిచినట్టు గంట కొట్టించేశాడు. బ్రెట్ రింగ్ పక్కనే ఉన్న విన్స్ మొహం మీద ఉమ్మేశాడు, తర్వాత డ్రెస్సింగ్ రూమ్‌లో నిజంగానే ఒక గుద్దు గుద్దాడు. అందరూ ఆయన జీవితాన్ని ఆ రాత్రితోనే చెప్తారు. నాకు మాత్రం ఆయనకి జరిగిన అసలు నష్టం అది కాదనిపిస్తుంది. టైటిల్ పోతే మళ్లీ వస్తుంది.

అసలు నష్టం తమ్ముడు. ఓవెన్ హార్ట్, ఇంట్లో అందరికన్నా చిన్నవాడు. 1994 మార్చి 20న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఏటా జరిపే పెద్ద షో రెజిల్‌మేనియాలో మొదటి మ్యాచ్ వీళ్లిద్దరిదే, ఓవెన్ గెలుస్తాడు. ఇప్పటికీ నెలకోసారైనా చూస్తాను. ఇద్దరూ ఒకరినొకరు ఎత్తి పడేస్తున్న ప్రతిసారీ అవతలివాడు ఎక్కడ పడతాడో ఇద్దరికీ తెలుసు. అంత ఒడుపున్న ఓవెన్ చేతిలోనే 1997 ఆగస్టులో స్టీవ్ ఆస్టిన్ మెడ దెబ్బతింది. తలకిందులుగా పట్టుకుని కూర్చుంటూ కిందకి దించే పట్టు, ఆస్టిన్ తల ఓవెన్ తొడల మధ్య నుంచి కాస్త కిందకి జారి ఉంది, అంతే. కొన్ని క్షణాలు ఆస్టిన్‌కి కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆస్టిన్ తొందరగానే రింగ్ వదిలెయ్యాల్సి రావడానికి ఆ మెడ ఒక పెద్ద కారణం. ఓవెన్ మీద నాకు ఎంత ప్రేమ ఉన్నా ఈ ముక్క దాచను.

1999 మే 23న కాన్సాస్ సిటీలో ఓవెన్‌ని పైకప్పు నుంచి తాడుతో రింగ్‌లోకి దించుతుంటే కొక్కెం ఊడిపోయింది. 78 అడుగుల పైనుంచి పడ్డాడు. 34 ఏళ్లు, ఇద్దరు చిన్న పిల్లలు. నేలకి చేరగానే చటుక్కున విడిపోవాలని, పడవ తెరచాపలకి వాడే రకం కొక్కెం పెట్టారు, చిన్న లాగుడుకే తెరుచుకునేది. షో ఆపలేదు, మిగతా మ్యాచ్‌లు జరిగిపోయాయి. దాన్ని నేను ఎన్నటికీ క్షమించను. రోప్ షాట్‌లలో మీరేం కొక్కెం వాడతారన్నా అని ఒకప్పుడు ఫైటర్ అన్నని అడిగాను. జేబులోంచి తీసి చూపించాడు, మర తిప్పి బిగించేది. తిప్పి విప్పితే తప్ప ఊడదు. బిగించాక వేలితో ఒకసారి, పక్కవాడి చేత ఇంకోసారి లాగించి చూస్తామమ్మా అన్నాడు.

ఇక బ్రెట్ కెరీర్‌ని ముగించిన ఆ తన్ను. 1999 డిసెంబర్ 19, మాంట్రియల్ తర్వాత బ్రెట్ చేరిన కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ వాళ్ల స్టార్‌కేడ్ షో. ఎదురుగా గోల్డ్‌బర్గ్, అమెరికన్ ఫుట్‌బాల్ నుంచి వస్తే కొద్దికాలంలోనే పెద్ద స్టార్ చేసేశారు, బలం ఉంది, ఆ బలాన్ని ఎక్కడ ఆపాలో సరిగా నేర్పినవాడు లేడు. కాలు నేరుగా బ్రెట్ తలకి తగిలింది. కావాలని చేశాడని నేననుకోను, ఆయన తర్వాత బాధపడ్డాడు కూడా. సరిగా నేర్పకుండా రింగ్‌లోకి తోసినవాళ్లదే తప్పు. బ్రెట్ ఆ మ్యాచ్ పూర్తి చేశాడు. మర్నాడే మళ్లీ రింగ్‌లోకి దిగాడు. జనవరి దాకా అలాగే ఆడాడు. ఆ తర్వాత డాక్టర్లు చాలన్నారు, 2000లో కెరీర్ అయిపోయింది. ఇరవై ఏళ్ల పాటు అందరి మెడలూ కాపాడిన మనిషి!

సాయంత్రం కుర్రాడు ఫోన్ చేశాడు, గొంతులో సంతోషం. "మేడం, స్కాన్ నార్మల్! రేపు వెళ్లొచ్చు కదా?"

స్కాన్‌లో రక్తం గడ్డ లేదు, ఎముక విరగలేదు, అంతవరకు దేవుడికి దండం. కానీ కంకషన్, అంటే దెబ్బకి మెదడు అదిరిపోవడం, స్కాన్‌లో కనపడదు, అక్కడి డాక్టర్ కూడా కంకషన్ అనే రాశారు. అది మానకముందే రెండో దెబ్బ తగిలితే మొదటిదాని కన్నా ఎన్నో రెట్లు ప్రమాదం, ఒక్కోసారి ప్రాణానికే. ఇదంతా చెప్పాను. అటు మౌనం. రేపు వెళ్లకపోతే రోజుకిచ్చే బేటా డబ్బు పోతుంది, మాస్టర్ ఇంకొకర్ని పెట్టుకుంటాడు, తర్వాత పిలుస్తాడో లేదో. వాడి భయం నాకు తెలుసు, అద్దె కట్టేది నేను కాదు. అయినా సరే వద్దన్నాను. ఫోన్ అన్నకివ్వు అన్నాను.

అన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఎన్ని రోజులమ్మా?" అన్నాడు. రోజులు కాదన్నా, ముందు తలనొప్పి, వెలుతురు పడకపోవడం పూర్తిగా తగ్గాలి, తర్వాత నడక, తర్వాత పరుగు, ఏ మెట్టు దగ్గర తల తిరిగినా ఒక మెట్టు వెనక్కి, తాడు అన్నిటికన్నా చివర అన్నాను. "సరే, మాస్టర్‌తో నేను మాట్లాడతా. వీడి ప్లేసు ఎవరికీ ఇవ్వొద్దంటా" అని పెట్టేశాడు.

ఇందాక మెసేజ్ వచ్చింది, మాస్టర్ ఒప్పుకున్నాడట, కుర్రాడు మాత్రం అలిగి అన్నం తినకుండా పడుకున్నాడట. అన్నం తినిపించి పడుకోబెట్టండి, ఇవాల్టికి ఒంటరిగా వదలొద్దు, మళ్లీ వాంతి అయినా, మాట తడబడినా వెంటనే హాస్పిటల్‌కి అని రాశాను. శనివారం పొద్దున పది గంటలకు రమ్మన్నాను, కళ్లూ బ్యాలెన్సూ చూడాలి.